ఒక్క మందూ రాని ప్రోటీన్ మీద పీహెచ్‌డీ చేయొచ్చా?

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది దిల్‌సుఖ్‌నగర్. ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ రెండో ఏడాదిలో ఉన్నాను. బ్యాక్టీరియా కణం లోపల దాని ఆకారాన్నీ విభజననీ నడిపించే ప్రోటీన్లు ఉంటాయని, వాటిని అడ్డుకునే కొత్త యాంటీబయాటిక్స్ కోసం వెతుకుతున్నారని క్లాసులో విన్నప్పటి నుంచి నా మనసంతా దాని మీదే ఉంది. ముఖ్యంగా ఎఫ్‌టీఎస్‌జెడ్ అనే ప్రోటీన్ మీద పీహెచ్‌డీ చేయాలని ఉంది. ఫార్మా కంపెనీలో పనిచేసే మా బాబాయి మాత్రం "ముప్పై ఏళ్లుగా దాని మీద పడి ఉన్నారు, ఒక్క మందూ రాలేదు. యాంటీబయాటిక్స్‌లో కంపెనీలకు డబ్బులు లేవు. రెగ్యులేటరీ అఫైర్స్ (మందుల అనుమతుల పని) కోర్సు చేసుకో, వెంటనే ఉద్యోగం వస్తుంది" అంటున్నారు. మా నాన్నకు మెడికల్ షాపు ఉంది. "కొత్త మందు వచ్చినా జనం రెండు రోజులు వేసుకుని ఆపేస్తారు, అదీ పాడవుతుంది. ఎందుకమ్మా ఈ శ్రమ?" అంటారు. ఇంకో విషయం. పసుపు, వేప, తులసిలోని పదార్థాలను కంప్యూటర్‌లో ఎఫ్‌టీఎస్‌జెడ్‌తో డాకింగ్ చేసి (అతుక్కుంటాయో లేదో లెక్కగట్టి) ఎమ్మెస్సీ ప్రాజెక్టుగా ఇవ్వమని డిపార్ట్‌మెంట్‌లో చెప్పారు. ఒప్పుకోనా? చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం: పీహెచ్‌డీ చేయండమ్మా. ఎఫ్‌టీఎస్‌జెడ్ మీదే చేయాలని ఉంటే దాని మీదే చేయండి. డాకింగ్ ఒక్కటే ఉన్న ప్రాజెక్టు మాత్రం వద్దు. "ఈ ప్రోటీన్‌కు ఏ పదార్థం అతుక్కుంటుంది?" అన్న ప్రశ్నకు జర్నళ్లలో ఇప్పటికే కుప్పలుగా జవాబులున్నాయి. మీరు అడగాల్సింది వేరే ఉంది. విభజన ఆగిపోయిన బ్యాక్టీరియా ఎప్పుడు చస్తుంది, ఎప్పుడు బతికి బయటపడుతుంది? మందు ఇంకా రాకపోవడానికి కారణాల్లో చాలా భాగం ఈ ప్రశ్న చుట్టూనే ఉన్నాయని నా నమ్మకం.

మీ బాబాయిగారి లెక్క తప్పు కాదు. ఎఫ్‌టీఎస్‌జెడ్ కణం నడిమధ్యన ఉంగరంలా చేరుతుందని ఎర్ఫీ బీ, జో లుట్కెన్‌హాస్ 1991లో చూపించారు. ఈ రోజుకీ ఆ ప్రోటీన్‌ను గురిపెట్టిన మందు ఒక్కటీ మార్కెట్లో లేదు. అయితే ఆ ముప్పై చిల్లర ఏళ్లలో ఏం జరిగిందో చూస్తే, రంగం ఎండిపోయిందని ఎవరూ అనరు. ఈ శీర్షిక చదివే మిగతావాళ్ల కోసం కూడా ఆ కథ కొంచెం చెబుతాను.

1990ల మొదటి దాకా పుస్తకాలన్నీ ఒకటే చెప్పేవి. మన కణాల్లో ప్రోటీన్ పోగులతో అల్లిన పంజరం ఉంటుంది, బ్యాక్టీరియాలో ఉండదు, పైనున్న గట్టి కణకవచమే దాని ఆకారాన్ని నిలబెడుతుంది అని. 1998లో కేంబ్రిడ్జ్‌లో యాన్ లోవ్, లిండా ఏమోస్ ఎఫ్‌టీఎస్‌జెడ్ నిర్మాణాన్ని బయటపెట్టారు. మన కణాల పంజరంలో ఉండే ట్యూబ్యులిన్ అనే ప్రోటీన్ నిర్మాణం కూడా ఆ ఏడాదే తెలిసింది. అమైనో ఆమ్లాల వరుసలో రెండింటికీ పోలిక చాలా తక్కువ. మడత మాత్రం ఒకటే! 2001లో ఎంఆర్‌ఈబీ అనే ఇంకో ప్రోటీన్ మన కండరాల్లోని యాక్టిన్‌కు చుట్టమని తేలింది. కడ్డీ ఆకారపు బ్యాక్టీరియా కడ్డీలా ఉండటానికి అదే ఆధారం. 2003లో కాలోబాక్టర్ అనే వంకర బ్యాక్టీరియాలో క్రెసెంటిన్ దొరికింది. ఆ జన్యువు తీసేస్తే వంకర పోయి తిన్నగా తయారవుతుంది. పన్నెండేళ్లలో పాత మాట పూర్తిగా తిరగబడిపోయింది.

ఇక ఎఫ్‌టీఎస్‌జెడ్ చేసే పని. ఈ.కోలై అనే బ్యాక్టీరియా పొడవు సుమారు 2 మైక్రోమీటర్లు. మంచి తిండి, వెచ్చదనం దొరికితే 20 నిమిషాలకోసారి రెండుగా చీలుతుంది. చీలే ముందు ఎఫ్‌టీఎస్‌జెడ్ అణువులు జీటీపీ అనే శక్తినిచ్చే చిన్న అణువును పట్టుకుని ఒకదాని వెనక ఒకటి చేరి పోగులవుతాయి. జీటీపీ ఖర్చయ్యాక విడిపోతాయి. ఒక కొసన కొత్తవి చేరుతూ, రెండో కొసన పాతవి రాలిపోతూ ఉండటంతో పోగు మొత్తం కణం నడుము చుట్టూ కదులుతున్నట్టు కనిపిస్తుంది. ఆ కదలిక వెంటే కణకవచాన్ని అల్లే ఎంజైములు తిరుగుతాయని 2017లో రెండు బృందాలు విడివిడిగా చూపించాయి. గోడ కట్టే మేస్త్రీ ముందుగా నూలుదారం లాగి కట్టుకుంటాడు కదా, ఇటుకలు పేర్చేది దారం కాకపోయినా అది లేనిదే వరుస రాదు. ఎఫ్‌టీఎస్‌జెడ్ పని అలాంటిదే. ఇందులో ఒక మెలిక ఉంది, అది మీకు తప్పకుండా పనికొస్తుంది. బాసిల్లస్ సబ్టిలిస్ అనే బ్యాక్టీరియాలో ఆ పోగుల వేగమే విభజన వేగాన్ని నిర్ణయిస్తుందని ఒక బృందం చూసింది. ఈ.కోలైలో అలా కాదని రెండో బృందం చూసింది. ప్రోటీన్ ఒకటే అయినా ఒక బ్యాక్టీరియాలో నిజమైంది ఇంకోదాంట్లో నిజం కావాలని లేదు.

మందుకు ఇది మంచి గురి అనడానికి మొదటి ఆధారం మీ నాన్నగారి షాపులోనే ఉంది. సెఫలెక్సిన్ క్యాప్సూల్స్ ఎన్ని అమ్మి ఉంటారో! ఈ.కోలైలో సెఫలెక్సిన్ ముఖ్యంగా పట్టుకునేది ఎఫ్‌టీఎస్ఐ అనే ఎంజైమును. ఎఫ్‌టీఎస్‌జెడ్ ఉంగరం కట్టిన చోట అడ్డగోడ అల్లేది ఆ ఎంజైమే. దాన్ని ఆపితే ఈ.కోలై చీలలేక పొడుగ్గా దారంలా పెరుగుతుంది. మైక్రోస్కోపు కింద స్పష్టంగా చూడొచ్చు. అంటే విభజన యంత్రాంగాన్ని దెబ్బకొట్టి రోగాన్ని తగ్గించడం ఎప్పటినుంచో ఆసుపత్రుల్లో జరుగుతున్న పనే. కొత్తదనమంతా ఆ యంత్రాంగంలో ఇప్పటిదాకా ఎవరూ ముట్టని భాగాన్ని ముట్టుకోవడంలో ఉంది.

ముట్టుకోవచ్చని 2008లో తెలిసింది. 3-మెథాక్సీబెంజమైడ్ అనే చాలా బలహీనమైన పదార్థంతో మొదలుపెట్టి, దాన్ని మార్చుకుంటూ పోయి, ఇంగ్లండ్‌లోని ప్రోలిసిస్ కంపెనీ శాస్త్రవేత్తలు పీసీ190723 అనే పదార్థాన్ని తయారు చేశారు. మెథిసిలిన్ అనే యాంటీబయాటిక్‌కు లొంగని స్టాఫిలోకాకస్ ఆరియస్‌తో సహా స్టాఫ్ జాతుల మీద అది చక్కగా పనిచేసింది. ప్రాణం తీసే మోతాదులో స్టాఫ్ ఎక్కించిన ఎలుకలను కాపాడింది. అది ఎఫ్‌టీఎస్‌జెడ్‌లో కూర్చునే గుంట, ట్యూబ్యులిన్‌లో క్యాన్సర్ మందు ట్యాక్సాల్ కూర్చునే చోటుకు సరిజోడు. పనిచేసే తీరు కూడా అలాంటిదే. పోగులు కట్టనివ్వకుండా ఆపదు, కట్టిన పోగులు విడిపోకుండా బిగదీస్తుంది. చేరుతూ రాలుతూ ఉండాల్సిన పోగు కొయ్యబారితే విభజన నిలిచిపోతుంది. దీన్ని బీటా లాక్టమ్ మందుతో (పెనిసిలిన్, సెఫలెక్సిన్ కుటుంబం) కలిపి ఇస్తే, అంతకుముందు ఆ మందుకు లొంగని స్టాఫ్ మళ్లీ లొంగుతుందని 2012లో చూపించారు.

ఇంత బాగుంటే మందు ఎందుకు రాలేదన్నది మీ బాబాయిగారి ప్రశ్న. కొన్ని కారణాలు చప్పున చెప్పేయొచ్చు. పీసీ190723 నీళ్లలో సరిగా కరగదు, శరీరం దాన్ని త్వరగా మార్చేస్తుంది. అందుకే దాని రూపం మార్చి టీఎక్స్ఏ709 లాంటివి చేశారు. ఎఫ్‌టీఎస్‌జెడ్‌లో 196వ స్థానంలో ఉన్న గ్లైసిన్ ఒక్కటి అలనిన్‌గా మారితే చాలు, స్టాఫ్ ఈ మందుకు లొంగదు. క్లామిడియా అనే బ్యాక్టీరియాకు అసలు ఎఫ్‌టీఎస్‌జెడ్ లేదు, అది లేకుండానే విభజన జరుపుకుంటుంది. కణకవచం లేని ఎల్-రూపంలో బాసిల్లస్ కూడా ఎఫ్‌టీఎస్‌జెడ్ లేకుండా బతకగలదని 2009లో తెలిసింది. ఎంఆర్‌ఈబీ వైపు వెళ్దామంటే, గుండ్రంగా ఉండే స్టాఫ్‌లో అది లేనే లేదు.

ఇవన్నీ ఒక ఎత్తు, గ్రామ్ నెగటివ్ బ్యాక్టీరియా ఒక ఎత్తు. ఈ రోజు మన ఆసుపత్రుల ఐసీయూల్లో డాక్టర్లను ఏడిపిస్తున్నవి ఎక్కువగా క్లెబ్సియెల్లా, ఎసినెటోబాక్టర్, ఈ.కోలై. వీటికి కణకవచం బయట ఇంకో పొర ఉంటుంది. దాన్ని దాటి లోపలికి వచ్చిన పదార్థాన్ని పంపులు మళ్లీ బయటికి తోసేస్తాయి. పరీక్షనాళికలో శుద్ధి చేసిన ఎఫ్‌టీఎస్‌జెడ్‌ను అద్భుతంగా ఆపిన పదార్థం, బతికున్న ఈ.కోలై మీద ఏమీ చేయకపోవడానికి చాలాసార్లు ఇదే కారణం. పంపుకు కావాల్సిన టాల్‌సీ జన్యువును తీసేసిన ఈ.కోలై మీద అదే పదార్థం పనిచేస్తే, లోపం గురిలో కాదు దారిలో ఉందని అర్థం. పీహెచ్‌డీలో మీరు ఏ పదార్థాన్ని ముట్టుకున్నా ఈ జంట పరీక్ష మొదటి నెలలోనే చేయండి.

ఇప్పుడు నేను మొదట చెప్పిన ప్రశ్నకు వస్తాను.

సిప్రోఫ్లాక్సాసిన్ వేసుకుంటే ఈ.కోలై డీఎన్‌ఏ దెబ్బతింటుంది. అప్పుడు ఈ.కోలై తనంతట తానే సులా అనే చిన్న ప్రోటీన్‌ను తయారు చేసుకుంటుంది. సులా వెళ్లి ఎఫ్‌టీఎస్‌జెడ్‌ను పట్టుకుని ఉంగరం కట్టనివ్వదు. విరిగిన డీఎన్‌ఏతో చీలితే రెండు పిల్లకణాలూ పోతాయి కాబట్టి, బాగుచేసుకునే దాకా విభజన ఆపుకుంటుందన్నమాట. డీఎన్‌ఏ సరయ్యాక లోన్ అనే ఎంజైము సులాను ముక్కలు చేస్తుంది, విభజన మళ్లీ మొదలవుతుంది. ఎలుకల మూత్రాశయంలో ఇన్‌ఫెక్షన్‌ను గమనించిన పరిశోధకులు 2006లో ఇంకో సంగతి రాశారు. సులా సాయంతో దారంలా పొడుగు సాగిన ఈ.కోలై, దాన్ని మింగడానికి వచ్చే తెల్ల రక్తకణాల నుంచి తప్పించుకుంటుంది. ఎఫ్‌టీఎస్‌జెడ్‌ను ఆపడం మనం కనిపెట్టిన ఆయుధం అనుకుంటాం. బ్యాక్టీరియా దాన్ని ప్రాణం కాపాడుకోవడానికి ఎప్పటినుంచో వాడుకుంటోంది.

దీన్ని ఇంకా లోతుకు తీసుకెళ్లిన పని 2009లో వచ్చింది. సెఫలెక్సిన్ పడగానే ఈ.కోలై నడుమ దగ్గర పగిలి త్వరగా చనిపోవాలంటే, అక్కడ విభజన యంత్రాంగం పూర్తిగా చేరి ఉండాలి. ఉంగరమే కట్టకుండా ముందుగా ఆపేస్తే ఆ తొందర చావు రాదు. దీని అర్థం ఆలోచించండి. స్టాఫ్‌లో ఎఫ్‌టీఎస్‌జెడ్‌ను ఆపే పదార్థమూ బీటా లాక్టమ్ మందూ కలిస్తే బలం పెరిగింది. ఈ.కోలైలో ఉంగరాన్ని ముందే ఆపితే బీటా లాక్టమ్ దెబ్బ నుంచి దానికి కొంత రక్షణ దొరికే ప్రమాదం ఉంది. ఏ మందు ముందు, ఏది తర్వాత, ఏ బ్యాక్టీరియాకు ఏ జోడీ, పోగులను బిగదీయడం మంచిదా చేరనివ్వకపోవడం మంచిదా? ఒక పీహెచ్‌డీకి సరిపడా పని ఇక్కడే ఉంది, కంప్యూటర్ స్కోరుతో ఇందులో ఒక్కటీ తేలదు.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు ఇది పుస్తకంలో విషయంగా మాత్రమే మిగలకూడదు. పటాన్‌చెరు దగ్గర మందుల పరిశ్రమల వ్యర్థజలాలను శుద్ధి చేసే ఉమ్మడి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని 2007లో జోకిమ్ లార్సన్ బృందం ప్రచురించింది. మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికంటే అది చాలా ఎక్కువ. అంత మందులో నానిన బ్యాక్టీరియాలో ఏవి ఆగి బతికాయో, ఏవి మారి బతికాయో తెలుసుకోవడం మన ఊరి అవసరం.

ఇక మీ ఎమ్మెస్సీ ప్రాజెక్టు. పసుపులోని కర్క్యుమిన్ సంగతి గాలి మాట కాదు. ఐఐటీ బాంబేలో దులాల్ పాండా బృందం 2008లో దాన్ని పద్ధతిగా పరీక్షించి, బాసిల్లస్ కణాలు పొడుగు సాగడం, ఎఫ్‌టీఎస్‌జెడ్ పోగులు కట్టడం తగ్గడం చూపించింది. వాళ్లు బతికున్న కణాల మీద, శుద్ధి చేసిన ప్రోటీన్ మీద, రెండు చోట్లా పని చేశారు. ఆ తర్వాత మన కాలేజీల్లో మొదలైంది వేరు. ఏదో ఒక ఆకులోని పదార్థం పేరు తీసుకోవడం, సాఫ్ట్‌వేర్‌లో ఎఫ్‌టీఎస్‌జెడ్ బొమ్మ మీద కూర్చోబెట్టడం, మైనస్ తొమ్మిది అని స్కోరు వస్తే (ఎంత మైనస్ అయితే అంత గట్టిగా అతుక్కుందని లెక్క) "శక్తిమంతమైన యాంటీబయాటిక్" అని రాసేయడం. పిల్లల తప్పు లేదు, కెమికల్స్‌కు డబ్బులుండవు, టైమూ ఉండదు. కానీ దాంతో మీకు వచ్చేదేమీ లేదు. కర్క్యుమిన్ చాలా రకాల ల్యాబ్ పరీక్షల్లో దొంగ ఫలితాలిచ్చే పదార్థంగా పేరుపడింది, తిన్నా రక్తంలోకి చేరేది చాలా తక్కువ. ఇది చదివే పాఠకులకు ఒక మాట. కూరలో పసుపు తప్పకుండా వేసుకోండి. ఇన్‌ఫెక్షన్‌కు డాక్టర్ రాసిన మందు బదులు మాత్రం వేసుకోకండి.

ఒక పదార్థం నిజంగా ఎఫ్‌టీఎస్‌జెడ్‌నే పట్టుకుంటోందని ఎలా నమ్మాలి? కణాలు పొడుగు సాగడం ఒక్కటే చాలదు. డీఎన్‌ఏ దెబ్బతిన్నా సాగుతాయి, ఎఫ్‌టీఎస్ఐ ఆగినా సాగుతాయి. ఉంగరం చెదిరిపోవడం కూడా చాలదు. కణకవచం లోపల ఉండే పలుచని పొర, అంటే కణత్వచానికి అటూ ఇటూ ఉండే విద్యుత్ తేడా పోతే విభజన ప్రోటీన్లు తమ చోటు తప్పుతాయని హెన్రిక్ స్ట్రాల్, లీండెర్ట్ హామోన్ 2010లో చూపించారు. అంటే త్వచానికి చిల్లు పెట్టే మామూలు పదార్థం కూడా ఎఫ్‌టీఎస్‌జెడ్ మందులా వేషం వేస్తుంది. అందుకే త్వచం పరీక్ష విడిగా చేయాలి. జీటీపీ ఖర్చును కొలిచే పరీక్షలో కొంచెం ట్రైటాన్ డిటర్జెంట్ కలిపి మళ్లీ చూడాలి, పదార్థం ముద్దకట్టి ప్రోటీన్‌ను మింగేస్తుంటే అప్పుడు ఆ ప్రభావం మాయమవుతుంది. మన కణాల ప్రోటీన్‌ను ముట్టదని తేలడానికి ట్యూబ్యులిన్ మీద కూడా పరీక్షించాలి. అన్నింటికంటే గట్టి సాక్ష్యం బ్యాక్టీరియా ఇచ్చేదే. పదార్థం కలిపిన ప్లేటు మీద కోట్ల కొద్దీ కణాలు పరిచి, బతికిన కాలనీల డీఎన్‌ఏ చదవాలి. మార్పు ఎఫ్‌టీఎస్‌జెడ్ జన్యువులో, సరిగ్గా ఆ గుంటలో పడితే ఇక వాదించేవాళ్లుండరు. పీసీ190723 విషయంలో లోకం నమ్మింది అందుకే. 196వ స్థానం కథ మందుకు చెడ్డవార్త, గురి సరైనదే అనడానికి అదే రుజువు.

ల్యాబ్ వెతికేటప్పుడు ఎఫ్‌టీఎస్‌జెడ్ అన్న పేరున్నవి మాత్రమే చూడకండి. హబ్సిగూడలోని సీసీఎంబీ పరిశోధన సంస్థలో డాక్టర్ మంజులా రెడ్డి చేసిన పని చదవండి. కణం పెరగాలంటే కణకవచంలో కొత్త ముక్కలు చేర్చితే చాలదు, ముందు పాత అల్లికను అక్కడక్కడా కోయాలి. ఈ.కోలైలో ఆ కోత పని చేసే మెప్‌ఎస్, మెప్‌ఎం, మెప్‌హెచ్ ఎంజైములను ఆమె బృందం 2012లో గుర్తించింది. ఈ మూడూ లేకపోతే ఈ.కోలై పెరగలేదు. కణకవచం మీద ఆమె పరిశోధనకు 2019లో ఇన్ఫోసిస్ ప్రైజ్ వచ్చింది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి సిటీ బస్సు దూరంలో జరిగిన పని అమ్మా ఇది! అల్లే ఎంజైములు, కోసే ఎంజైములు, వాటికి దారి చూపే పోగులు, అంతా ఒకటే వ్యవస్థ. అందులో ఏ కొస పట్టుకున్నా మీరు అనుకున్న చోటికే చేరతారు. రసాయనాల వైపు మనసుంటే తార్నాకలో ఐఐసీటీ ఉంది. జన్యువుల వైపైతే ఉప్పల్‌లో సీడీఎఫ్‌డీ, గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ ఉన్నాయి. పేరు చూసి చేరకండి. ఆ గైడ్ దగ్గర ఇప్పుడున్న పీహెచ్‌డీ విద్యార్థులతో విడిగా మాట్లాడండి. ల్యాబ్ ఎలా నడుస్తుందో, ఎన్నేళ్లకు బయటపడతారో వాళ్లకే తెలుస్తుంది.

డబ్బు గురించి మీ బాబాయిగారి మాటను తోసేయను. ప్లాజోమైసిన్ అనే కొత్త యాంటీబయాటిక్‌కు 2018లో అమెరికాలో అనుమతి వచ్చింది, దాన్ని తయారు చేసిన ఎకావోజెన్ కంపెనీ 2019లో దివాలా తీసింది. కొత్త యాంటీబయాటిక్‌ను డాక్టర్లు చివరి అస్త్రంగా దాచుకుంటారు, అమ్మకాలుండవు, కంపెనీ బతకదు. ఇది నిజమైన సమస్య, ప్రభుత్వాలు పూనుకోకుండా తీరదు. అలాగని మన దేశంలో ఏమీ జరగట్లేదని కాదు. చెన్నైలోని ఆర్కిడ్ ఫార్మా కనిపెట్టిన ఎన్‌మెటాజోబాక్టమ్, సెఫెపిమ్‌తో జతగా 2024లో అమెరికా అనుమతి తెచ్చుకుంది. మీ సొంత ఖర్చుల మాటకొస్తే, నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధక ఫెలోషిప్) తెచ్చుకుంటే నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల తర్వాత 42,000, ఇంటి అద్దె భత్యం అదనం. కంపెనీ జీతంతో పోటీపడదు కానీ ఇంట్లో చేయి చాచాల్సిన పని ఉండదు. ఐదేళ్లలో ప్రోటీన్ శుద్ధి చేయడం, ఫ్లోరసెన్స్ మైక్రోస్కోపు, బ్యాక్టీరియా జన్యుశాస్త్రం చేతికొస్తాయి. మందు రాకపోయినా ఆ చేతిపని జీనోమ్ వ్యాలీలో ఎక్కడైనా అక్కరకొస్తుంది. ఇంట్లో వెంటనే జీతం రావాల్సిన పరిస్థితి ఉంటే మాత్రం ఆ సంగతి దాచుకోకుండా ఆలోచించండి. రెండేళ్లు ఉద్యోగం చేసి తర్వాత పీహెచ్‌డీకి వచ్చినవాళ్లు ఎంతోమంది ఉన్నారు.

మీ నాన్నగారి మాట నన్ను ఎక్కువసేపు ఆలోచింపజేసింది. కౌంటర్ దగ్గర రోజూ చూసే మనిషి అన్న మాట అది. మందులకు లొంగని బ్యాక్టీరియా నేరుగా కారణమై 2019 ఒక్క ఏడాదిలో ప్రపంచంలో 12 లక్షల 70 వేల మంది పోయారని అంచనా. ఎఫ్‌టీఎస్‌జెడ్ మందు వచ్చినా, ఒక్క అమైనో ఆమ్లం మారితే చాలని తెలుసు కాబట్టి, దాన్ని కూడా ఇష్టమొచ్చినట్టు వాడితే ఎక్కువ కాలం నిలవదు. అందుకే దీన్ని ఒంటరిగా కాకుండా జోడీగా ఇవ్వాలని చూస్తున్నారు. ఒకే కణం రెండు మార్పులూ ఒకేసారి తెచ్చుకోవడం చాలా అరుదు. ఇక షాపు వైపు చేయగలిగింది కూడా చిన్నదేం కాదు. 2014 మార్చి నుంచి అమల్లో ఉన్న షెడ్యూల్ హెచ్1 ప్రకారం సెఫిక్సిమ్, లీవోఫ్లాక్సాసిన్ లాంటివి ప్రిస్క్రిప్షన్ లేకుండా ఇవ్వకూడదు, డాక్టర్ పేరూ రోగి పేరూ విడి రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు ఉంచాలి. "ఇవ్వను" అంటే పక్క షాపుకు పోతారన్న బాధ మీ నాన్నగారికి ఉంటుంది, నాకు తెలుసు. అయినా జలుబుకు అజిత్రోమైసిన్ అడిగినవాళ్లకు "ఇది వైరస్‌కు పనిచేయదండీ" అని ఆయన చెప్పే ఒక్క మాట చాలామందికి డాక్టర్ మాటతో సమానం. నాన్నగారి పనీ మీ పనీ ఒకటి ఉంటే రెండోది అక్కర్లేదనే రకం కాదు. ఆయన ఆపగలిగినంత ఆపితే, మీరు తెచ్చే మందుకు ఆయుష్షు పెరుగుతుంది.

డిపార్ట్‌మెంట్‌లో ఏం అడగాలో కూడా చెబుతాను. డాకింగ్ వద్దని గొడవ పెట్టుకోకండి. కావాలంటే ఒక చాప్టర్‌గా ఉంచి, దానితోపాటు ల్యాబ్ పని చేస్తానని మీ గైడ్‌ను అడగండి. ల్యాబ్‌లో వాడే రోగకారకం కాని ఈ.కోలై కే-12, సెఫలెక్సిన్ పౌడర్, లూరియా మీడియం, మామూలు ఫేజ్ కాంట్రాస్ట్ మైక్రోస్కోపు ఉంటే చాలు. పెరుగుతున్న కల్చర్‌లో సెఫలెక్సిన్ కలపండి. పది నిమిషాలకు, అరగంటకు, గంటకు, రెండు గంటలకు కొంత తీసి, మందు పోయేలా కడిగి, ప్లేట్ల మీద పరచండి. పక్కనే స్లైడు మీద కణాల పొడవు కొలవండి. మర్నాడు కాలనీలు లెక్కపెడితే, ఎంత పొడుగు సాగిన కణాలు తిరిగి లేచాయో, ఎక్కడి నుంచి లేవలేకపోయాయో ఒక గ్రాఫు వస్తుంది. మందు కలపని కల్చర్‌ను పక్కన తప్పనిసరిగా పెట్టుకోండి, ప్రతిదీ మూడుసార్లు చేయండి. వీలుంటే సిప్రోఫ్లాక్సాసిన్‌తో కూడా ఇదే చేసి రెండు గ్రాఫులూ పక్కపక్కన పెట్టండి. ఒక సెమిస్టర్‌లో అయిపోయే పని. పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో "నువ్వేం చేశావు?" అని అడిగితే చూపించడానికి మీ చేత్తో తీసిన లెక్క ఉంటుంది. కల్చర్ కడిగేటప్పుడు సెంట్రిఫ్యూజ్ వేగం ఎక్కువ పెట్టకండి, పొడుగు కణాలు తెగిపోతాయి. మొదటి గ్రాఫు వచ్చాక అర్థం కానిది ఏదైనా ఉంటే మళ్లీ రాయండి.